రాజ్యాలు మారినప్పుడు ఏది మిగులుతుంది? ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ విద్యాజీవితం

హైదరాబాద్: దక్కన్ చరిత్రను చదివే ప్రతి విద్యార్థికీ ఏదో ఒక దశలో ఎదురయ్యే పేరు హారూన్ ఖాన్ షేర్వానీ. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర, రాజనీతి శాస్త్రాల విభాగానికి అధిపతిగా పనిచేసిన ఆయన, ఇస్లామీయ రాజకీయ చింతనపైనా, బహమనీ, కుతుబ్‌షాహీ రాజ్యాలపైనా ప్రామాణిక గ్రంథాలు రచించారు. అధికారం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఎలా వెళుతుంది, అలా వెళ్లినప్పుడు పాత వ్యవస్థలో ఏది కూలిపోతుంది, ఏది నిలిచి ఉంటుంది అన్న ప్రశ్న ఆయన గ్రంథాలన్నింటినీ కలిపే సూత్రం. ఆ ప్రశ్న ఆయనకు గ్రంథాలయానికే పరిమితం కాలేదు. 1948 సెప్టెంబరులో ఆయన నివసించిన రాజ్యమే మారిపోయింది. అంతవరకు గతంలో చూసిన దానిని ఆయన తన కళ్లముందే చూడవలసి వచ్చింది.

అలీగఢ్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు

షేర్వానీ 1891లో ఉత్తరాదిన అలీగఢ్ ప్రాంతంలో జన్మించారు. షేర్వానీలు అక్కడి పేరున్న భూస్వామ్య కుటుంబాలలో ఒకరు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో నెలకొల్పిన మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాల ఆ ప్రాంతపు ముస్లిం యువతకు ఆధునిక విద్యాద్వారంగా ఉన్న కాలమది. షేర్వానీ చదువు ఆ వాతావరణంలోనే సాగింది.

ఆ కళాశాల పుట్టుకే ఒక పాలనా మార్పు నుంచి జరిగిందని గుర్తుంచుకోవాలి. 1857 తిరుగుబాటు విఫలమైన తరువాత మొగలు సింహాసనం పూర్తిగా అంతరించింది. రాజ్యాన్ని కోల్పోయిన సమాజం కొత్త పాలనలో ఎలా బతకాలన్నది సర్ సయ్యద్ ముందున్న సమస్య. దానికి ఆయన విద్యలో సమాధానం వెతికారు. షేర్వానీ తరువాతి కాలంలో సర్ సయ్యద్ రాజకీయ ఆలోచనలపై ప్రత్యేకంగా ఒక పరిశోధన వ్యాసం రాశారు. 1944లో అది భారత రాజనీతి శాస్త్ర పత్రికలో వెలువడింది.

ఉన్నత విద్యకై షేర్వానీ ఐరోపా వెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎం.ఏ. పట్టా పొందారు, బారిస్టరు అయ్యారు. ఫ్రెంచి భాషపై గట్టి పట్టు సాధించారు. ఫ్రాన్స్, ఉత్తర ఇటలీ, స్విట్జర్లాండ్ ప్రాంతాలలో మధ్యయుగపు అరబ్బుల స్థావరాలను గురించి ఫ్రెంచి పండితుడు రేనో రాసిన గ్రంథాన్ని ఆయన ఆంగ్లంలోకి అనువదించడం ఈ భాషాజ్ఞానపు ఫలితమే. న్యాయశాస్త్ర శిక్షణ ఆయన రచనా పద్ధతిలో చివరివరకు కనిపిస్తుంది. సాక్ష్యం ఎక్కడిది, ఏ కాలానిది, సాక్షికి ఏ ప్రయోజనం ఉంది అని అడగకుండా ఆయన ఏ కథనాన్నీ అంగీకరించేవారు కారు.

ఉస్మానియా తొలి తరంలో

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశంలో ఒక కొత్త ప్రయోగం. ఆంగ్లం కాకుండా ఒక భారతీయ భాష, అంటే ఉర్దూ, అక్కడ బోధనా మాధ్యమం. వైద్యం నుంచి తర్కం వరకు అన్ని శాస్త్రాలకూ పాఠ్యగ్రంథాలను సిద్ధం చేయడానికి ప్రత్యేకంగా ఒక అనువాద సంస్థ పనిచేసింది. రాజనీతి శాస్త్రంలోని ప్రతి భావనకూ ఉర్దూలో పదం కావాలి. సార్వభౌమత్వం, రాజ్యాంగం, ప్రాతినిధ్యం వంటి మాటలను నిర్వచించి తరగతి గదిలో వాడుకలోకి తేవలసిన బాధ్యత తొలి తరం ఆచార్యులపై పడింది. షేర్వానీ ఆ తరానికి చెందినవారు. ఆంగ్లంతో పాటు ఉర్దూలోనూ ఆయన విరివిగా రాశారు.

ఈ ప్రయోగానికి మరొక పార్శ్వమూ ఉంది. హైదరాబాదు సంస్థానంలో దాదాపు సగం జనాభా మాతృభాష తెలుగు. మరాఠీ, కన్నడం మాట్లాడేవారు కూడా పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఉర్దూ మాతృభాషగా గలవారు తక్కువ. భారతీయ భాషలో ఉన్నత విద్య అన్న ఆదర్శం గొప్పదే అయినా, తెలుగు పల్లెల నుంచి వచ్చిన విద్యార్థికి అది కూడా నేర్చుకోవలసిన మరో పాలకభాషగానే ఎదురైంది. పాలకుల భాషకూ ప్రజల భాషకూ మధ్య ఉన్న ఈ దూరం షేర్వానీ పరిశోధించిన మధ్యయుగ దక్కన్‌లోనూ కీలకమైన అంశమే.

హైదరాబాదు అప్పట్లో ఇస్లామీయ అధ్యయనాలకు ప్రపంచస్థాయి కేంద్రం. 1927లో మార్మడ్యూక్ పిక్తాల్ సంపాదకత్వంలో ఇస్లామిక్ కల్చర్ అనే త్రైమాసిక పత్రిక ఇక్కడినుంచే ప్రారంభమైంది. షేర్వానీ తొలి ప్రధాన పరిశోధనలు కొన్ని ఆ పత్రికలోనే వెలువడ్డాయి.

రాజకీయ ఇస్లాం: గ్రంథాల వెనుక ఉన్న రాజ్యాలు

1924 మార్చిలో టర్కీ జాతీయ సభ ఖలీఫా పదవిని రద్దు చేసింది. భారతదేశంలో ఖిలాఫత్ ఉద్యమం నడిపినవారికి అది పెద్ద దెబ్బ. హైదరాబాదుతో ఆ సంఘటనకు దగ్గరి సంబంధం ఏర్పడింది. పదవి పోయి ఫ్రాన్స్‌లో ప్రవాసం ఉంటున్న చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రు షెహ్వార్‌కు 1931లో నిజాం పెద్దకుమారుడు ఆజం జాతో వివాహం జరిగింది. ఖలీఫా లేని ముస్లిం సమాజంలో రాజ్యాధికారానికి ఆధారం ఏమిటన్న చర్చ కైరో నుంచి లాహోరు వరకు వేడెక్కింది.

ఇటువంటి సమయంలో షేర్వానీ చర్చను నినాదాల నుంచి మూలగ్రంథాల వైపు మళ్లించారు. 1930లలో గజాలీపై, ఫారాబీపై ఆయన వ్యాసాలు వెలువడ్డాయి. 9వ శతాబ్దపు రచయితగా తాను భావించిన ఇబ్న్ అబీ రబీపై మరో వ్యాసం వచ్చింది. వీటిని విస్తరించి, మరికొందరు చింతకులను చేర్చి, తొలి ఇస్లామీయ రాజకీయ చింతన, పరిపాలనల చరిత్రపై 1942లో లాహోరు నుంచి ఒక గ్రంథం ప్రచురించారు. ఆ తరువాత అది పలు ముద్రణలు పొంది, ఉపఖండంలోని విశ్వవిద్యాలయాలలో పాఠ్యగ్రంథంగా స్థిరపడింది.

ఆ గ్రంథంలోని వరుసను గమనిస్తే ఆయన ఉద్దేశం తెలుస్తుంది. 950లో మరణించిన ఫారాబీ గ్రీకు తత్త్వశాస్త్రాన్ని ఆకళింపు చేసుకొని ఆదర్శ నగరాన్ని ఊహించిన తాత్త్వికుడు. 1058లో మరణించిన మావర్దీ న్యాయవేత్త. ఆయన నాటికి బాగ్దాదులో ఖలీఫా పేరుకే పాలకుడు. అసలు అధికారం 945లో నగరాన్ని పట్టుకున్న బువైహిద్ సేనానుల వంశం చేతిలో ఉండేది. బలప్రయోగంతో ఒక ప్రాంతాన్ని ఆక్రమించిన సేనానిని చట్టం ఎలా చూడాలి? అతడు ధర్మశాస్త్ర నియమాలను పాటిస్తే, ఖలీఫా ఆధిక్యాన్ని ఒప్పుకుంటే, అతని పాలనను గుర్తించవచ్చునని మావర్దీ సూత్రీకరించారు. జరిగిపోయిన అధికార మార్పిడిని చట్టపు చట్రంలోకి తీసుకురావడానికి ఒక న్యాయవేత్త చేసిన ప్రయత్నమది.

నిజాముల్ ముల్క్ తూసీ మరో రకం మనిషి. సెల్జుక్ సుల్తానులకు దీర్ఘకాలం వజీరుగా ఉన్న ఆయన 1092లో హత్యకు గురయ్యారు. గూఢచారుల నియామకం, పన్నుల వసూలు, ఉద్యోగులపై నిఘా, రైతుల మొర వినడం వంటి ఆచరణాత్మక విషయాలే ఆయన సియాసత్‌నామాకు ప్రాణం. ఆయన నెలకొల్పిన బాగ్దాదు విద్యాలయంలో బోధించిన గజాలీ, అరాచకం కంటే లోపాలున్న పాలనే నయమన్న దిశలో ఆలోచించారు.

ఈ నలుగురూ ముస్లింలే, నలుగురూ రాజ్యం గురించే రాశారు. అయినా వారి రాజ్యాలు ఒకటి కావు. ఇస్లామీయ రాజ్యం అనే ఒకే ఒక సిద్ధ నమూనా చరిత్రలో ఎప్పుడూ లేదనీ, ప్రతి చింతకుడూ తన కాలపు అధికార సంక్షోభానికి జవాబు వెతికాడనీ ఆ గ్రంథం చదివిన పాఠకుడికి అర్థమవుతుంది. 1942 నాటి భారతదేశంలో ఇది చిన్న విషయం కాదు. మతం పేరిట ప్రత్యేక రాజ్యం కావాలన్న తీర్మానం లాహోరులోనే అంతకు రెండేళ్ల ముందు ఆమోదం పొందింది.

కొండపల్లిలో కూలిన శిరస్సు

అదే 1942లో షేర్వానీ మరో పుస్తకం తెచ్చారు. అది బహమనీ వజీరు మహమూద్ గవాన్ జీవితం. అలహాబాదు నుంచి వెలువడిన ఈ గ్రంథంలో ఆయన సిద్ధాంతం నుంచి ఆచరణకు దిగారు.

గవాన్ ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతీయుడు. 15వ శతాబ్దం నడుమ బీదరు చేరి, క్రమంగా బహమనీ రాజ్యానికి ప్రధాన వజీరయ్యాడు. అప్పటికి రాజ్యం తరఫ్‌లనే నాలుగు పెద్ద రాష్ట్రాలుగా ఉండేది. ఒక్కో తరఫ్‌దారు చేతిలో పలు కోటలు, సొంత సైన్యం ఉండేవి. అటువంటి అధికారి తిరగబడితే సుల్తాను చేయగలిగింది తక్కువ. గవాన్ నాలుగు తరఫ్‌లను ఎనిమిదిగా విభజించాడు. తెలంగాణ తరఫ్ ఆ విధంగా రాజమహేంద్రవరం, వరంగల్ అని రెండుగా చీలింది. ఒక్కో తరఫ్‌దారుకు ఒక్క కోటనే వదిలి, మిగిలిన కోటలకు కేంద్రమే కిల్లేదారులను నియమించేలా చేశాడు. ప్రతి తరఫ్‌లో కొంత భూమిని నేరుగా సుల్తాను ఖజానా కిందకు తెచ్చాడు.

బహమనీ దర్బారులో రెండు వర్గాలు ఉండేవి. ఇరాన్, మధ్య ఆసియాల నుంచి వచ్చినవారు ఆఫాకీలు, ఇక్కడ స్థిరపడినవారు దక్కనీలు. గవాన్ స్వయంగా ఆఫాకీ అయినా పదవుల పంపకంలో రెండు వర్గాల మధ్య సమతూకం పాటించాడు. ఆయన సంస్కరణలతో అధికారం తగ్గిన ప్రభువులు కుట్ర పన్నారు. ఆయన ముద్ర ఉన్న కాగితంపై ఒరిస్సా రాజును దండయాత్రకు ఆహ్వానిస్తున్నట్లు దొంగ లేఖ సృష్టించి మూడో మహమ్మద్ షాకు చూపారు. 1481 ఏప్రిల్ 5న, నేటి ఆంధ్రప్రదేశ్‌లోని కొండపల్లి వద్ద విడిది చేసిన సుల్తాను ఆజ్ఞపై, డెబ్బై ఏళ్లు దాటిన ఆ వజీరు శిరచ్ఛేదం జరిగింది.

నిజం తెలిసిన సుల్తాను మరుసటి ఏడాదే మరణించాడు. బాలుడైన వారసుడు గద్దెనెక్కాడు. ఒక్కొక్క తరఫ్‌దారూ స్వతంత్రుడవుతూ పోగా, చివరకు బహమనీ రాజ్యం బీజాపూర్, అహ్మద్‌నగర్, బీరార్, బీదర్, గోల్కొండ అనే అయిదు ముక్కలైంది.

షేర్వానీ ఈ పతనంలో చూసిన పాఠం స్పష్టం. గవాన్‌ను చంపించినవారూ, ఆయనా ఒకే మతస్థులు. రాజ్యాన్ని చీల్చింది మత వైరం కాదు. వచ్చినవారికీ ఉన్నవారికీ మధ్య వాటాల తగాదా, రాష్ట్రాధికారులకూ కేంద్రానికీ మధ్య పోటీ దానిని చీల్చాయి. సమతూకాన్ని కాపాడే సంస్థ లేనప్పుడు ఒక్క సమర్థుడి మరణంతోనే రాజ్యం ఒరిగిపోతుందని ఆయన గవాన్ కథతో నిరూపించారు. ఇస్లామీయ చింతకుల గ్రంథంలోనూ గవాన్‌కు ఒక అధ్యాయం కేటాయించి, దక్కన్ వజీరును బాగ్దాదు పండితుల సరసన నిలబెట్టారు.

హైదరాబాదు నిప్పుల మీద ఉన్న దశాబ్దం

ఈ పుస్తకాలు రాస్తున్న నగరం అప్పటికే కుదురుగా లేదు. 1938 చివర్లో ఉస్మానియా వసతి గృహాలలో వందేమాతరం పాడినందుకు వందల మంది విద్యార్థులు బహిష్కరణకు గురయ్యారు. చాలామంది నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించవలసి వచ్చింది. ఆ ఉద్యమ కాలంలో సంస్థానంలో చదువు వదులుకున్న యువకులలో భావి ప్రధాని పీవీ నరసింహారావు ఒకరు.

మరోవైపు ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థ, సంస్థానంలో సార్వభౌమత్వం ముస్లిం సమాజానిదేననీ, నిజాం దానికి ప్రతీక మాత్రమేననీ ప్రచారం చేసింది. జనాభాలో సుమారు ఎనిమిదో వంతుగా ఉన్న సమాజానికి రాజ్యమంతా చెందుతుందన్న ఈ వాదం నిలకడ లేనిదని తరువాతి చరిత్ర తేల్చింది. 1946 తరువాత ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్ల దౌర్జన్యాలు పల్లెలను వణికించాయి. నల్లగొండ, వరంగల్ జిల్లాలలో రైతాంగ సాయుధ పోరాటం సాగింది.

ఆ దశాబ్దంలో షేర్వానీ హైదరాబాదు శాసనసభ పరిణామంపైనా పరిశోధన వ్యాసం రాశారు. 19వ శతాబ్దం చివర ఏర్పడిన చిన్న శాసనమండలి నుంచి 1939 నాటి సంస్కరణల ప్రకటన వరకు ప్రాతినిధ్యం ఎంత మెల్లగా కదిలిందో గమనిస్తే, అప్పటి ప్రభుత్వానికి ప్రజలతో పొత్తు ఎందుకు కుదరలేదో అర్థమవుతుంది. ఉస్మానియా ఆచార్య పదవితో పాటు నిజాం కళాశాలకు, ఢిల్లీలోని ఆంగ్లో అరబిక్ కళాశాలకు ఆయన ప్రిన్సిపాల్‌గా కూడా వ్యవహరించారు. ఆ ఢిల్లీ కళాశాల మూలం అసఫ్‌జాహీ వంశ స్థాపకుడైన నిజాముల్ ముల్క్ తండ్రి గాజీవుద్దీన్ ఖాన్ 17వ శతాబ్దం చివర స్థాపించిన మదరసాలో ఉంది. మొగలు రాజ్యం, ఆంగ్ల రాజ్యం రెండూ పోయినా ఒక విద్యాలయం నిలిచి ఉండటానికి అది మంచి ఉదాహరణ.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించారు. రెండు శతాబ్దాలకు పైగా సాగిన అసఫ్‌జాహీ పాలన అయిదు రోజులలో ముగిసింది. సైనిక గవర్నరు పాలన, 1950లో రాజ్‌ప్రముఖ్‌గా నిజాం, 1952లో ఎన్నికలతో ఏర్పడిన బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఆంగ్లం బోధనా మాధ్యమమైంది. పోలీసు చర్య తరువాత కొన్ని జిల్లాలలో ముస్లింలపై జరిగిన హింసను విచారించడానికి కేంద్ర ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపవలసి వచ్చింది. పాత పాలనలో ఉద్యోగాలు చేసిన అనేక కుటుంబాలు పాకిస్తాన్‌కు తరలిపోయాయి.

ఇద్దరు పండితులు, రెండు దారులు

ఆ మార్పు ఒక విద్యావేత్త జీవితాన్ని ఎంతగా తిప్పగలదో తెలుసుకోవడానికి ఉస్మానియాలోనే చదివి, అక్కడే అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించిన ముహమ్మద్ హమీదుల్లా జీవితం చూడవచ్చు. ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంపై ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఆయన, 1948లో ఐక్యరాజ్య సమితి ముందు హైదరాబాదు వాదన వినిపించడానికి వెళ్లిన బృందంలో సభ్యుడు. విదేశంలో ఉండగానే ఆ రాజ్యం లేకుండా పోయింది. హమీదుల్లా తిరిగి రాలేదు. పారిస్‌లో దశాబ్దాల పాటు ఏ దేశ పౌరసత్వమూ లేని శరణార్థిగా జీవించి, అక్కడే ఖురాన్‌ను ఫ్రెంచిలోకి అనువదించారు. 2002లో అమెరికాలో కన్నుమూశారు.

షేర్వానీ హైదరాబాదులో నిలిచారు. ఆయన హిమాయత్‌నగర్ నివాసమే 1953లో ఆయన మహాగ్రంథం ది బహమనీస్ ఆఫ్ ది డెక్కన్‌కు ప్రచురణ చిరునామా అయింది. దాని ఉపశీర్షికలో ఇది నిష్పాక్షిక అధ్యయనమని ప్రత్యేకంగా పేర్కొన్నారు. రజాకార్ల గాయమూ, పోలీసు చర్య అనంతర హింస గాయమూ రెండూ పచ్చిగా ఉన్న సమయంలో, దక్కన్‌లోని తొలి ముస్లిం రాజ్యం గురించి పొగడ్తా నిందా లేకుండా రాయబూనడం అంత తేలిక కాదు. ఒక వర్గానికి ఆ రాజ్యం పోగొట్టుకున్న వైభవం, మరో వర్గానికి పరాయి పెత్తనం. షేర్వానీ ఈ రెండు దృష్టులనూ పక్కనబెట్టి పన్నులు, కోటలు, వలసలు, వాస్తు, వర్గాల పోరు వంటి కొలవదగిన విషయాలపై దృష్టి నిలిపారు.

ఆ గ్రంథం 1347లో ఢిల్లీ తుగ్లకుల అధికారంపై దక్కన్ అమీర్లు చేసిన తిరుగుబాటుతో మొదలవుతుంది. ఢిల్లీలోనూ ముస్లిం సుల్తానే, తిరగబడినవారూ ముస్లింలే. దూరపు రాజధాని, కఠినమైన ఆజ్ఞలు, స్థానిక సేనానుల అసంతృప్తి కలిసి కొత్త రాజ్యాన్ని పుట్టించాయి. గుల్బర్గాలోనూ, తరువాత బీదరులోనూ రాజధాని ఉన్న ఆ రాజ్యం క్రమంగా ఉత్తరాది ఛాయను వదిలి దక్కనీ స్వభావం సంతరించుకుంది.

గోల్కొండలో తెలుగు

తెలుగు పాఠకులకు షేర్వానీ చేసిన పెద్ద మేలు కుతుబ్‌షాహీ అధ్యయనం. 1967లో హైదరాబాదు నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్ షాపై పుస్తకం, 1974లో వంశ చరిత్ర సమగ్ర గ్రంథం వెలువడ్డాయి. ఈ రచనల్లో యుద్ధాల వెంట వాస్తు, చిత్రకళ, దక్కనీ ఉర్దూ, తెలుగు సాహిత్యం నడుస్తాయి.

ఇబ్రహీం కుతుబ్ షా కథ ఆయన ప్రశ్నకు చక్కని ఉదాహరణ. అన్న జంషీద్ వల్ల ప్రాణభయంతో పారిపోయిన యువ ఇబ్రహీం సుమారు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల రక్షణలో గడిపాడు. 1550లో గోల్కొండ సింహాసనమెక్కాడు. 1565లో అదే రామరాయలపై మిగిలిన సుల్తానులతో కలిసి యుద్ధం చేశాడు. రామరాయలు ఆ యుద్ధంలో మరణించాడు. శరణునిచ్చినప్పుడూ, కత్తి దూసినప్పుడూ వారి మతాలు అవే. మారింది దక్కన్‌లోని బలాబలాల లెక్క.

అదే ఇబ్రహీం తెలుగు కవులకు మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి ఆయన గ్రామదానం చేశాడు. ఆయన అధికారి అమీన్ ఖాన్‌కు పొన్నికంటి తెలగన అచ్చ తెలుగులో యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. ఇది దర్బారు ఔదార్యం మాత్రమే అనుకుంటే పొరపాటు. గోల్కొండ పాలకుల ఫర్మానాలు పారశీకంతో పాటు తెలుగులోనూ వెలువడ్డాయి. గ్రామ కరణం చదవగలిగిన భాషలో ఆజ్ఞ ఉంటేనే శిస్తు వసూలవుతుంది. ప్రజల భాషను గుర్తించడం ఆ రాజ్యానికి అవసరంగానూ బలంగానూ ఉండింది.

చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా కాలంలో ప్రధాన మంత్రిత్వం మాదన్నది, సోదరుడు అక్కన్న ఆయనకు కుడిభుజం. 1687 సెప్టెంబరులో గోల్కొండను జయించి ఆ రాజ్యాన్ని అంతం చేసినవాడు మరో ముస్లిం పాలకుడైన ఔరంగజేబు. మతం ఒక్కటే రాజ్యాల ఉత్థానపతనాలను నడిపిస్తుందన్న వాదానికి గోల్కొండ కోట గోడలే సమాధానం చెబుతాయి.

భాగమతి కథపై అభ్యంతరం

సామాన్య పాఠకులకు షేర్వానీ పేరు ఎక్కువగా తెలిసింది మాత్రం ఒక వివాదం వల్ల. మహమ్మద్ కులీ భాగమతి అనే నర్తకిని ప్రేమించి, ఆమె పేరిట భాగ్యనగరాన్ని కట్టించాడన్న కథ నగర ప్రజలకు ప్రాణప్రదమైనది. షేర్వానీ దీనిని చారిత్రక సత్యంగా అంగీకరించలేదు. ఆ కాలపు గోల్కొండ ఆధారాలలో, నాణేలలో, శాసనాలలో, కుతుబ్‌షాహీ సమాధులలో భాగమతి జాడ లేదన్నది ఆయన వాదం. విదేశీ యాత్రికుల రాతల్లోని పేరుకు తోటల నగరమనే అర్థం సరిపోతుందని ఆయన అభిప్రాయపడ్డారు.

ఈ వాదంతో అందరూ ఏకీభవించలేదు. మహమ్మద్ కులీ కాలంలోనే జీవించిన ఫిరిష్తా, అక్బరు దూతగా దక్కన్ వచ్చిన ఫైజీ ఆమెను ప్రస్తావించారని ఎదుటిపక్షం చూపింది. తరువాతి కాలంలో నగర చరిత్రకారుడు నరేంద్ర లూథర్ భాగమతి పక్షాన గట్టిగా నిలిచారు. వారిద్దరూ గోల్కొండ వెలుపలివారు, విన్నది రాశారు అన్నది షేర్వానీ పక్షపు జవాబు. ఈ చర్చ ఇంకా ముగియలేదు. ఏ కథ ఎంత ప్రియమైనదైనా దానికి సమకాలీన సాక్ష్యం అడగాలన్న పట్టుదల మాత్రం ఈ వివాదం వల్లే జనంలోకి వెళ్లింది.

గణతంత్రం ఇచ్చిన గౌరవం

షేర్వానీ పరిశోధనలు ఒంటరి కృషిగా మిగలలేదు. నిజాం రాష్ట్ర పురావస్తు శాఖను తీర్చిదిద్దిన గులాం యాజ్దానీ స్మారక సంపుటికి ఆయన సంపాదకత్వం వహించారు. హైదరాబాదులోని మౌలానా అబుల్ కలాం ఆజాద్ ప్రాచ్య పరిశోధనా సంస్థ దానిని 1966లో ప్రచురించింది. 1969లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో సత్కరించింది. అసఫ్‌జాహీ రాజ్యంలో ఆచార్యత్వం నెరపిన పండితుడిని, ఆ రాజ్యాన్ని విలీనం చేసుకున్న గణతంత్రం గౌరవించింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో ఉస్మానియా ప్రాంగణం అట్టుడికినది కూడా ఆ ఏడాదే.

యాజ్దానీ సంపాదకత్వంలో దక్కన్ ప్రాచీన చరిత్ర వెలువడిన తరువాత, దాని కొనసాగింపుగా మధ్యయుగ చరిత్రను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తలపెట్టింది. షేర్వానీ, మహారాష్ట్రకు చెందిన చరిత్రకారుడు పి.ఎం. జోషి కలిసి సంపాదకత్వం వహించిన రెండు సంపుటాలు 1973, 1974లలో వచ్చాయి. వాటి కాలపరిధి 1295 నుంచి 1724 వరకు. మొదటి సంవత్సరం దేవగిరి యాదవులపై అల్లావుద్దీన్ దాడి కాలాన్ని, రెండోది మొగలు సుబేదారు నిజాముల్ ముల్క్ దక్కన్‌లో స్వతంత్రుడైన సంవత్సరాన్ని సూచిస్తాయి. రెండు కొసలూ అధికార మార్పిడులే. నడుమ ఉన్న నాలుగు శతాబ్దాల చరిత్రలో తెలుగు, కన్నడ, మరాఠీ, పారశీక, దక్కనీ సాహిత్యాలకు, నాణేలకు, వాస్తుకు, చిత్రకళకు విడివిడి అధ్యాయాలు ఉన్నాయి. అప్పటికి షేర్వానీ వయస్సు ఎనభై దాటింది. 1980లో ఆయన మరణించారు.

మిగిలిన పని

షేర్వానీ రచనలకు పరిమితులు లేకపోలేదు. ఆయన కాలపు చరిత్రకారులలో చాలామంది వలెనే ఆయన దృష్టి ఎక్కువగా దర్బారులపై, వజీరులపై, కవిపండితులపై నిలిచింది. పన్ను కట్టిన రైతు, కోట గోడ మోసిన కూలీ ఆయన పుటల్లో తక్కువగా కనిపిస్తారు. దక్కన్ సమ్మేళన సంస్కృతిని నొక్కిచెప్పే క్రమంలో ఆనాటి హింసను, ఘర్షణను తేలికపరిచారన్న విమర్శకూ తావుంది. తరువాతి తరాల పరిశోధకులు తెలుగు శాసనాలు, గ్రామ రికార్డులు, వలస వర్తకుల ఉత్తరాలతో ఈ లోటును పూరిస్తూ వస్తున్నారు.

అయినా ఆయన వేసిన ప్రశ్నకు కాలదోషం పట్టలేదు. పాలన మారిన ప్రతిసారీ గతాన్ని పూర్తిగా తుడిచివేయాలనేవారూ, గతమే స్వర్ణయుగమనేవారూ బయలుదేరుతారు. మతం పేరు చెప్పి రాజ్యాన్ని కోరేవారూ, మతం పేరు చెప్పి ఒక సమాజమంతటినీ రాజ్యానికి శత్రువుగా చూపేవారూ ఏ కాలంలోనూ కొరవడరు. షేర్వానీ వీరందరికీ సమకాలీన ఆధారాలతోనే బదులిచ్చారు. రాజవంశాలు పోయినా భాష, భూమి లెక్క, విద్యాలయం, ఇరుగుపొరుగుల సహజీవనం తరువాతి పాలనలోకి ప్రవహిస్తాయనీ, వాటిని గుర్తించిన రాజ్యం నిలుస్తుందనీ, వాటిని చీల్చిన రాజ్యం గవాన్ తరువాతి బహమనీల దారి పడుతుందనీ ఆయన గ్రంథాలు నేటికీ చెబుతున్నాయి.